గోసాయికుండ్‌ దారిలో: విశాఖ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నేపాల్‌లోని గోసాయికుండ్‌ సరస్సు నడక గురించి ఈ శీర్షికలో ఇదివరకు క్లుప్తంగా రాశాం. ధూంచే ఊళ్లో మొదలయ్యే దారి లాంగ్‌టాంగ్‌ జాతీయ వనంలోని ఓక్‌, ఫర్‌, రోడోడెండ్రాన్‌ అడవుల గుండా ఎక్కి, 4,380 మీటర్ల ఎత్తున సరస్సు ఒడ్డునే ఉన్న చిన్న బసలకు చేరుతుంది. అక్కడి నుంచి లౌరిబినా కనుమ దాటి, హేలంబూ మీదుగా కఠ్మాండు పక్కనున్న సుందరీజల్‌లో దిగుతుంది. ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖ నుంచే వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం.

ప్రశ్న: బీచ్‌ రోడ్డులో రోజూ కలిసి నడిచే పదిమందిమి వెళ్దామనుకుంటున్నాం. ఒక ఏజెంటు కఠ్మాండు నుంచి కఠ్మాండుకు అయిదు రోజుల్లో చూపిస్తానంటున్నాడు. మాకున్న సెలవు మొత్తం వారమే. నమ్మవచ్చా అండీ?
— కె.ఆర్‌., ఎంవీపీ కాలనీ

జవాబు: అయిదు రోజుల్లో చూపించగలడు. చూసేటప్పుడు మీకు తలనొప్పి, వాంతులు ఉండవని మాత్రం చెప్పలేడు.

లెక్క వేసి చూడండి. మొదటి రోజు బస్సులోనే పోతుంది. కఠ్మాండు నుంచి ధూంచే సుమారు 120 కిలోమీటర్లే అయినా కొండ రోడ్డు, గతుకులు. తెల్లారి ఎక్కితే దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ధూంచే దాదాపు 2,000 మీటర్లు. రెండో రోజు సింగ్‌ గోంపాకు ఎక్కాలి, అది 3,330. ఒక్క రోజులో 1,300 మీటర్ల ఎక్కుడు. ఈ దారిలో కాళ్లకు అన్నిటికంటే కష్టమైన రోజు ఇదే. మధ్యలో సుమారు 3,000 మీటర్ల దగ్గర డిమ్సా అనేచోట చిన్న బసలున్నాయి (పేరు మన అరకు థింసాలా వినిపిస్తుంది గానీ సంబంధమేమీ లేదు). పదిమందిలో ఇద్దరు అలసినా అక్కడే ఆగిపోండి.

సింగ్‌ గోంపాలో రెండు రాత్రులు పడుకోవాలి. మూడో రోజు ఖాళీగా కూర్చోకుండా పైన చోలాంగ్‌పాటి దాకా ఎక్కి, టీ తాగి, మళ్లీ కిందికి వచ్చి పడుకోండి. పగలు పైకి, రాత్రి కిందికి అన్నదే ఒళ్లు అలవాటుపడే పద్ధతి. నాలుగో రోజు లౌరిబినా యాక్‌, 3,910 మీటర్లు, మూడు నాలుగు గంటల నడక. ఆకాశం తేటగా ఉంటే సాయంత్రం గణేశ్‌ హిమాల్‌, లాంగ్‌టాంగ్‌ లిరుంగ్‌ శిఖరాలు అక్కడి నుంచి కనిపిస్తాయి. అయిదో రోజు గోసాయికుండ్‌. ఆరో రోజు 4,610 మీటర్ల కనుమ దాటి ఫేదీ మీదుగా ఘోప్టే దాకా. తర్వాత ఠారెపాటి, కుటుంసాంగ్‌, చిసాపానీ, సుందరీజల్‌. కఠ్మాండు నుంచి కఠ్మాండుకు తొమ్మిది రోజులు. వైజాగ్‌ రాకపోకలు, వాతావరణం మొండికేస్తే చేతిలో ఉండాల్సిన ఒక రోజు వీటికి అదనం.

వారమే ఉందంటే కనుమ వదిలేయండి. సరస్సు చూసి వచ్చినదారినే ధూంచే దిగిపోతే ఏడు రోజుల్లో తేలుతుంది. రాకపోకలకు ముందొక రోజు, వెనకొక రోజు సెలవు అడగండి. సింగ్‌ గోంపాలో రెండో రాత్రిని మాత్రం కోసెయ్యకండి. ఏజెంట్లు మొదట కోసేది దాన్నే.

ప్రశ్న: వారానికి నాలుగు రోజులు సింహాచలం మెట్లు ఎక్కుతాను, ఆయాసం లేదు. గిరి ప్రదక్షిణ మూడేళ్లుగా చేస్తున్నాను. అనంతగిరిలో రెండు రోజులుండి వస్తే ఎత్తు అలవాటవుతుందా?
— పి.ఎస్‌.ఎన్‌., గోపాలపట్నం

జవాబు: 32 కిలోమీటర్ల ప్రదక్షిణ ఒక రాత్రిలో చేసేవారికి కాళ్ల సంగతి మేం చెప్పక్కర్లేదు. ఎత్తు సంగతి వేరు. తూర్పు కనుమల్లో ఎత్తైన జిందగడ శిఖరమే 1,690 మీటర్లు. అనంతగిరి, అరకు అంతకంటే కిందే. ఒంట్లో అసలు మార్పు మొదలయ్యేది 2,500 మీటర్ల పైన. కాబట్టి అనంతగిరిలో కాఫీ బాగుంటుంది, గాలి బాగుంటుంది, గోసాయికుండ్‌కు మాత్రం అది పనికిరాదు. సరస్సు ఒడ్డున గాలి పీడనం మన సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు 60 శాతమే. బాగా నడిచే మనిషికి, నడవని మనిషికి ఈ 60 శాతం ఒకటే. పైగా బలమున్నవాడు గబగబా ఎక్కేసి ముందుగా పడకేస్తాడు.

మీ మెట్ల సాధన వృథా అని కాదు. చిన్న మార్పులు చేసుకోండి. తొలిపావంచా దగ్గర మొదలుపెట్టేటప్పుడు వీపున 3 కిలోలు వేసుకోండి, నీళ్ల సీసాలైతే మేలు. రెండు వారాలకోసారి కిలో చొప్పున పెంచి 7 కిలోల దగ్గర ఆపండి. ఎక్కడం కన్నా దిగడాన్ని ఎక్కువ పట్టించుకోండి. చాలామంది మెట్లెక్కి బస్సులో కిందికి వస్తారు. హిమాలయాల్లో తొడలు పట్టేసేది దిగేటప్పుడే. కనుమ దగ్గరి 4,610 మీటర్ల నుంచి కుటుంసాంగ్‌లోని 2,470కి రెండు రోజుల్లో దిగాలి. మెట్టు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది, మర్నాడు నొప్పి పుట్టించేది ఆ పని. బరువుతో దిగడం ఎనిమిది వారాలు అలవాటు చేస్తే ఆ నొప్పి చాలా తగ్గుతుంది. వరుసగా రెండు రోజులు నడిచే సాధన కూడా కావాలి. శనివారం సింహాచలం ఎక్కి దిగండి, ఆదివారం మాధవధార వైపు మెట్లు. రెండో రోజు కాళ్లు ఎలా ఉన్నాయన్నదే మీ అసలు పరీక్ష.

మరొకటి. మన ఉక్కపోతలో చెమట పట్టి దాహం గుర్తుకొస్తుంది. అక్కడ చలిగాలిలో చెమట కనిపించకుండా ఆరిపోతుంది, నీళ్లు తాగాలనిపించదు. రోజుకు మూడు లీటర్లు గుర్తుపెట్టుకుని తాగాలి.

ప్రశ్న: ఎత్తు పడకపోతే ఎలా తెలుస్తుంది? డయామాక్స్‌ మాత్ర ముందే వేసుకోవాలా? మా బృందంలో డాక్టరు లేరు.
— ఒక పాఠకుడు, ఉక్కునగరం

జవాబు: తలనొప్పి మొదటి గుర్తు. దాంతోపాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం వీటిలో ఏ ఒక్కటి తోడైనా పర్వత రుగ్మత అనే అనుకోవాలి. “నిన్న నిద్ర లేదు, అందుకే” అని సర్దిచెప్పుకోవడమే అందరూ చేసే తప్పు. గుర్తులు కనిపించాక అదే ఎత్తులో ఆగిపోవాలి. మర్నాటికి తగ్గితే పైకి, తగ్గకపోతే కిందికి. 500 మీటర్లు దిగితే చాలామంది తేరుకుంటారు.

ప్రాణం మీదికి తెచ్చేవి రెండున్నాయి. ఒకటి మెదడు వాచడం. మనిషి తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. దీనికి పరికరం అక్కర్లేని పరీక్ష ఉంది. బసలో అన్నం తిన్నాక గదిలో నేల పలకల సందు ఒకటి చూసుకోండి, తిన్నగా మూడు నాలుగు మీటర్లు ఉంటే చాలు. దాని మీద ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి తాకేలా, అడుగు వెంట అడుగు వేయమనండి. చేతులు ఒంటికి ఆనించాలి, బూట్లు విప్పించాలి. చివరిదాకా వెళ్లి తిరిగి రావాలి. మామూలు మనిషి ఒకటి రెండుసార్లు ఊగుతాడు గానీ గీత వదలడు. పక్కకు అడుగు పడినా, గోడ పట్టుకున్నా ఇంకొకసారి చేయించండి. రెండోసారీ అంతే అయితే తెల్లారేదాకా ఆగొద్దు. టార్చి పెట్టుకుని, ఇద్దరు తోడుగా, ఆ రాత్రే దిగిపోవాలి. అనుమానం ఉన్నవారికే కాదు, లౌరిబినా యాక్‌ దాటాక రోజూ సాయంత్రం పదిమందికీ చేయించండి. నవ్వుకుంటూ చేసేస్తారు, ఎవరూ నొచ్చుకోరు.

రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కదలకుండా కూర్చున్నా ఆయాసం, పొడి దగ్గు, తర్వాత నురగతో కళ్లె. దీనికీ మందు కిందికి దిగడమే. అయితే ఈ మనిషిని నడిపించకుండా మోయించుకుని రావాలి, నడక ఆయాసాన్ని పెంచుతుంది.

ఇక మాత్ర. అసిటజోలమైడ్‌ను (డయామాక్స్‌లోని మందు ఇదే) ముందు జాగ్రత్తగా వాడితే పెద్దవాళ్లకు మామూలుగా 125 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఎత్తుకు ఎక్కే ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ సమస్యలున్నవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. మిగతావాళ్లు కూడా బయల్దేరే ముందే చీటీ రాయించుకుని, ఒక రోజు వైజాగ్‌లోనే వేసుకుని చూడండి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం, సోడా చప్పగా అనిపించడం మామూలే. కొత్తచోట మొదటిసారి వస్తే కంగారుపడతారు. గుర్తులు కనిపించాక మాత్ర మింగి పైకి ఎక్కుతామంటే కుదరదు. అది అలవాటుపడటాన్ని తొందరపెడుతుంది గానీ ఎత్తును తగ్గించదు.

రాత్రి పక్కవాడి ఊపిరి కొన్ని సెకన్లు ఆగి, ఒక్కసారిగా గట్టిగా పీల్చుకోవడం వినిపిస్తే భయపడకండి. ఆ ఎత్తులో నిద్రలో అలా అవుతుంది. నిద్రమాత్రలు మాత్రం వద్దు.

ప్రశ్న: మా పన్నెండుమందిలో ముగ్గురు యాభై దాటినవాళ్లు, మెల్లగా నడుస్తారు. కుర్రాళ్లు ముందు వెళ్లి గది పట్టుకుంటే తప్పేముంది?
— డి.వి.ఆర్‌., సీతమ్మధార

జవాబు: గది కోసం అయితే గైడు మనిషినో పోర్టరునో పంపండి. కుర్రాళ్లు వద్దు.

దారి చీలే చోటల్లా ముందువాడు ఆగాలి, చివరివాడు వచ్చేదాకా కదలకూడదు. అందరికంటే ముందు ఒక మనిషి, అందరికంటే వెనక ఒక మనిషి. ఈ ఇద్దరూ రోజంతా మారకూడదు, వెనకాల ఉన్నవాడిని ఎవరూ దాటకూడదు. వెనక ఉండేవాడు దిట్టమైన మనిషి కావాలి, మందుల సంచి అతని దగ్గరే ఉండాలి, ఎందుకంటే దాంతో పని పడేది వెనకబడ్డవాళ్లకే. నెమ్మదస్తుల్ని ముందువాడి వెనకే రెండో స్థానంలో నడిపించండి. వెనక్కి నెడితే జరిగేదేమిటంటే, వాళ్లు ఆయాసపడుతూ చేరేసరికి ముందువాళ్లు విశ్రాంతి ముగించి లేస్తారు. ఇలా రోజంతా వాళ్లకు విశ్రాంతే దొరకదు.

ప్రతి ఒక్కరి మెడలో విజిల్‌ ఉండాలి. ఆపద సంకేతం నిమిషంలో ఆరు ఊతలు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. జవాబు మూడు ఊతలు.

ఇంత చాదస్తం ఎందుకంటారా? ఈ దారిలోనే, కనుమకు అవతలి ఫేదీ ప్రాంతంలో, 1991 డిసెంబరులో ఆస్ట్రేలియా వైద్య విద్యార్థి జేమ్స్‌ స్కాట్‌ మంచు పడుతుండగా తోటివాడి నుంచి విడిపోయి వెనక్కి మళ్లాడు. దారి తప్పాడు. వాగు వెంట దిగితే ఊరొస్తుందనుకున్నాడు. 43 రోజుల తర్వాత ప్రాణాలతో దొరకడం అతని అదృష్టం. మన కొండల్లో గెడ్డ వెంట దిగితే ఏదో ఒక ఊరు తగులుతుంది. అక్కడ వాగు జలపాతమై లోయలో పడుతుంది. దిగలేం, దిగిందాన్ని తిరిగి ఎక్కలేం. దారి తప్పారని తెలిసిన క్షణం ఉన్నచోటే ఆగి విజిల్‌ ఊదాలి. ఫేదీ, ఘోప్టేల మధ్య కొండ వంపులు ఎక్కిదిగుతూ ఉంటాయి, మధ్యాహ్నం పొగమంచు కమ్ముతుంది. కనుమ రోజున ఉదయం ఆరు లోపే బయల్దేరి, ఆ వంపుల్ని పొగమంచుకు ముందే దాటేయడం మంచిది.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. అక్కడ తిండి దొరుకుతుందా? స్టవ్‌, బియ్యం తీసుకెళ్దామా?
— శ్రీమతి ఎల్‌., అనకాపల్లి

జవాబు: స్టవ్‌ వద్దమ్మా. ప్రతి బసలోనూ దాల్‌ భాత్‌ ఉంటుంది: అన్నం, పలచటి పప్పు, బంగాళాదుంపో ఆకుకూరో వేపుడు, కాస్త పచ్చడి. మారు అడిగితే మళ్లీ వడ్డిస్తారు, దానికి డబ్బు తీసుకోరు. కాబట్టి ఆకలిగా ఉన్నవాళ్లకు అదే చవక. విడిగా నూడుల్స్‌, చపాతీ, ఉడికించిన దుంపలు, వెల్లుల్లి సూపు ఉంటాయి. వెల్లుల్లి సూపు ఎత్తుకు మందని అక్కడ అందరూ చెబుతారు. మందు కాకపోయినా వేడివేడి ఉప్పునీళ్లు లోపలికి పోతాయి, అదీ మంచిదే.

మీ బియ్యం ఎందుకు ఉడకదో చెబుతాం. సరస్సు దగ్గర నీళ్లు 85–86 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో ఎంతసేపు తెర్లినా వేడి అంతకు మించదు, మెతుకు పైన చిదికి లోపల పలుకుగా ఉంటుంది, కందిపప్పు అసలు మెత్తబడదు. బసల్లో ప్రెషర్‌ కుక్కర్లు వాడేది అందుకే. గ్యాస్‌ బండలు మనుషులో గాడిదలో మోసుకొచ్చినవి. పన్నెండుమంది పన్నెండు రకాలు అడిగితే వంట రెండు గంటలు పడుతుంది, గ్యాస్‌ తగలేస్తుంది. చేరగానే అందరికీ ఒకటే చెప్పెయ్యండి.

మీ ఊరి బెల్లం మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. ఆకలి చచ్చిపోయిన ఎత్తులో కూడా బెల్లం, వేయించిన వేరుశనగ నోటికి సహిస్తాయి. మనిషికి రోజుకు 100 గ్రాముల ఉండలు, చిన్న పొట్లాలుగా కట్టుకుంటే నడుస్తూ తినొచ్చు. కందిపొడి, నల్లకారం పావుకిలో చొప్పున చాలు. ఆవకాయ గాజు సీసాలో వద్దు. నూనె ఓడే పచ్చడి సంచిలో ఒలికితే చలికోటుకు పట్టిన వాసన పది రోజులూ వదలదు.

సింగ్‌ గోంపాలో జున్నులాంటి గట్టి చీజ్‌ చేస్తారు, శాకాహారులు పాలు విరవడానికి ఏం వేశారో అడిగి కొనుక్కోండి. గట్టిపరిచేందుకు దూడ కడుపులోంచి తీసే పదార్థం వాడే పద్ధతి ఒకటుంది, చాలామందికి ఇది తెలియదు.

ప్రశ్న: గోసాయికుండ్‌ శివక్షేత్రం కదా, సరస్సులో స్నానం చేయాలని మా మావగారి కోరిక. వయసు 63. ప్రమాదమా?
— ఒక కోడలు, భీమిలి

జవాబు: హాలాహలం మింగిన శివుడు గొంతు మంట తీర్చుకోవడానికి త్రిశూలంతో కొండను పొడిస్తే పుట్టిన నీరే ఈ సరస్సు అని స్థలకథ. శ్రావణ పౌర్ణమికి, అక్కడివాళ్లు జనై పూర్ణిమ అంటారు, వేలమంది వెళ్లి మునుగుతారు. కాబట్టి మావగారి కోరికకు ఎవరూ వంక పెట్టరు.

వచ్చిన రోజు మాత్రం వద్దండి. ఎక్కి వచ్చిన ఆయాసంలో, చెమటతో ఉన్న ఒంటితో గడ్డకట్టడానికి దగ్గరగా ఉన్న నీళ్లలో దిగితే ఊపిరి ఒక్కసారిగా బిగుసుకుంటుంది, బీపీ ఎగుస్తుంది, గుండె లయ తప్పవచ్చు. గుండెకు స్టెంట్‌ వేసినవారు, బీపీ అదుపులో లేనివారు నెత్తిన మూడు చుక్కలు చల్లుకుంటే సరిపోతుంది. ఆరోగ్యంగా ఉంటే, ఒక రాత్రి నిద్రపోయి, మర్నాడు ఎండ బాగా ఎక్కాక, మోకాళ్ల లోతులో నిలబడి ముందు ముఖం, మెడ తడుపుకుని, ఒక్క మునక. పక్కన ఇద్దరు నిలబడాలి. బయటికి రాగానే తడి పంచె విప్పి, పొడి తుండుతో తుడిచి, ఉన్ని టోపీ ముందుగా పెట్టాలి. వణుకు ఆగేదాకా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి టీ ఇవ్వండి. అంటే ఆ రోజు కనుమ దాటే ఆలోచన ఉండకూడదు, సరస్సు దగ్గర రెండో రాత్రి ఉండాలి. సబ్బు, షాంపూ పొట్లాలు ఒడ్డుకు తీసుకెళ్లకండి. 2007 నుంచి అది రామ్‌సార్‌ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని చిత్తడి నేల, త్రిశూలీ నదికి మొదలు.

ప్రశ్న: కొత్త బూట్లు కొన్నాను. దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుందని విన్నాను, నిజమా?
— సాయి, గాజువాక

జవాబు: నిజం. దిగేటప్పుడు పాదం బూటులో ముందుకు జారి గోరు తోలుకు కొట్టుకుంటుంది. వేలసార్లు కొట్టుకుంటే కింద రక్తం గడ్డకడుతుంది. బూటు సాయంత్రం పూట, దళసరి మేజోళ్లతో వేసి చూసి కొనాలి, లేసు వదులుగా ఉండగా మడమ వెనక ఒక వేలు దూరాలి. గోళ్లు బయల్దేరే ముందు తిన్నగా కత్తిరించుకోండి.

దిగే ముందు లేసు మళ్లీ కట్టాలి. బూటుకు పైనుంచి రెండో కన్నం దాకా మామూలుగా బిగించండి. చివరి కన్నంలోకి లేసును ఎదుటివైపుకు దాటించకుండా అదే వైపున పైకి దూర్చండి, రెండు పక్కలా చిన్న ఉచ్చు మిగులుతుంది. ఇప్పుడు కుడి లేసు కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి, మడమను నేలకు కొట్టి వెనక్కి సర్దుకున్నాక లాగి ముడి వేయండి. మడమ కదలదు, వేళ్లు ముందుకు జారవు. కొక్కేలున్న బూటైతే పైకొక్కేనికి ముందు ఒక మెలిక వేసినా ఇదే పని చేస్తుంది.

కొత్త బూటుతో కనీసం 60 కిలోమీటర్లు నడిచాకే బయల్దేరండి. మడమ దగ్గర వేడిగా అనిపించిన వెంటనే ఆగి టేపు వేయాలి, అయిదు నిమిషాల పని. బొబ్బ లేచాక అయితే మూడు రోజుల బాధ.

ప్రశ్న: దసరా సెలవుల్లో కుదురుతుంది, లేదంటే సంక్రాంతికి. ఏది మేలు?
— ఉపాధ్యాయ దంపతులు, మధురవాడ

జవాబు: సంక్రాంతి వద్దు. సరస్సు గడ్డకట్టి ఉంటుంది, పై బసలు చాలావరకు మూసేస్తారు, కనుమ మీద మంచు ఎంత లోతుందో అడుగు వేస్తే తప్ప తెలియదు.

దసరాకు వాతావరణం బాగుంటుంది గానీ ఒక తిరకాసు ఉంది. అదే రోజుల్లో వాళ్ల దశైన్‌. నేపాల్‌లో అంతకు మించిన పండుగ లేదు, మన సంక్రాంతికి హైదరాబాద్‌ ఖాళీ అయినట్టు కఠ్మాండు ఖాళీ అవుతుంది. బస్సుల్లో చోటు ఉండదు, పోర్టర్లు ఊళ్లకు పోతారు. గైడుతో ముందే మాట్లాడుకుని ఉంటే తప్ప పండుగ అయ్యాక నవంబరు మధ్య లోపు పెట్టుకోండి. లేదా వేసవి సెలవులు మొదలవగానే, ఏప్రిల్‌ చివర్లో. సింగ్‌ గోంపా కింద అడవిలో రోడోడెండ్రాన్‌ పూలు అప్పుడే. కనుమ మీద అప్పటికీ మంచు ఉండొచ్చు; పొద్దున్నే గట్టిగా, జారుడుగా ఉంటుంది, పది దాటాక మెత్తబడి మోకాలు దిగబడుతుంది. బూటుకు తగిలించుకునే ముళ్ల గొలుసులు కఠ్మాండులో థమేల్‌ దుకాణాల్లో దొరుకుతాయి, నల్లకళ్లద్దాలు ఎవరూ మరవొద్దు.

ప్రశ్న: పాస్‌పోర్టు లేదు. ఎలా వెళ్లాలి? డబ్బు, అనుమతుల సంగతి చెప్పండి.
— ఎం.ఎస్‌., ద్వారకానగర్‌

జవాబు: వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉండాలి. ఆధార్‌ మీద మామూలుగా ఎక్కనివ్వరు, విశాఖ విమానాశ్రయం దాటాక తెలిస్తే ప్రయోజనం లేదు. రైలైతే హౌరా, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్‌, సరిహద్దు దాటి వీర్‌గంజ్‌, ఆపైన కఠ్మాండుకు బస్సు. ఖర్చు తక్కువ, వెళ్లడానికే మూడు రోజులు.

మన రూపాయికి వాళ్ల 1.60 రూపాయలు, 1993 నుంచి ఇదే లెక్క. వంద నోట్లు ఎక్కువగా పెట్టుకుని మిగతాది కఠ్మాండులో మార్చుకోండి. కొండ మీద కార్డు, యూపీఐ కుదరవు. జాతీయ వనం రుసుము సార్క్‌ దేశాలవారికి 1,500 నేపాలీ రూపాయలు, పైన పన్ను. సుందరీజల్‌ వైపు దిగితే శివపురి నాగార్జున జాతీయ వనానికి వేరే టికెట్టు. 2023 ఏప్రిల్‌ 1 నుంచి విదేశీ ట్రెకర్లు లైసెన్సు ఉన్న గైడును పెట్టుకోవాలని నేపాల్‌ పర్యాటక బోర్డు నిబంధన తెచ్చింది. పదిమందికి అది ఎలాగూ కావాలి.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు రెండు వాక్యాలు వెతకండి: హెలికాప్టర్‌ తరలింపు ఉందా, ఎంత ఎత్తు వరకు ఉంది. కొన్ని పాలసీలు 4,000 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. మీరు దాటే కనుమ 4,610.

ప్రశ్న: నాకు షుగరు, ఇన్సులిన్‌ వాడతాను. రావద్దంటున్నారు.
— ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: షుగరు అదుపులో ఉండి, కళ్లు, కిడ్నీలు బాగున్నాయని మీ డాక్టరు రాసిస్తే రావచ్చు. ఇన్సులిన్‌ గడ్డకడితే పనికిరాదు, కరిగాక మామూలుగా కనిపించినా సరే. పగలు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్‌ బ్యాగులో ఒంటి పక్కన పెట్టుకోండి. సగం వేరొకరి దగ్గర ఉంచండి. గ్లూకోమీటరు చలిలో తప్పు చూపిస్తుంది, పది నిమిషాలు చంకలో పెట్టుకుని వాడాలి. రోజంతా నడిస్తే షుగరు పడిపోతుంది కాబట్టి మోతాదు తగ్గింపు ముందే రాయించుకోండి. షుగరు పడినా, ఎత్తు పడకపోయినా మనిషి తూలడం ఒకేలా ఉంటుంది. ముందు వేలు గుచ్చి చూడమని మీ పక్కన నడిచేవారికి చెప్పి ఉంచండి.

ప్రశ్న: పోర్టరుకు ఎంత బరువు ఇవ్వొచ్చు? సూట్‌కేసు ఇవ్వొచ్చా?
— పేరు రాయలేదు, పెందుర్తి

జవాబు: ఇద్దరికి ఒక పోర్టరు, మనిషికి 10 కిలోల చొప్పున 20. సూట్‌కేసు వద్దు, నామ్లో పట్టీతో నుదుటి మీద ఆనించి మోస్తారు, గట్టి మూలలు వీపులో గుచ్చుకుంటాయి. మెత్తటి సంచి, లోపల అంతా ప్లాస్టిక్‌ కవర్లో. నీళ్లు, వానకోటు, స్వెట్టరు, మందులు, బెల్లం మీ వీపున ఉండాలి, ఎందుకంటే పోర్టరు మీకంటే రెండు గంటల ముందుంటాడు. కనుమ రోజున అతనికీ చేతి తొడుగులు, నల్లద్దాలు ఉన్నాయో లేదో ధూంచేలోనే అడగండి. పై ఊళ్లలో కొందామంటే దొరకవు.